పొట్టివాళ్లకి పొట్టి తాడు

షెడ్డు గోడకి పన్నెండు మేకులు, మేకుకొక కాలితాడు. అలల మీద బోర్డు ఎక్కేవాళ్లు దాన్ని చీలమండకి కట్టుకుంటారు. మనిషి పడ్డా బోర్డు కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అదే. పొద్దున్నే వదినగారు తలుపు తీసి చూసేసరికి అన్నీ మళ్లీ ఆరడుగులవే. నిన్న తన చేత్తో తగిలించిన తొమ్మిదడుగుల తాళ్లు మూల గోనెసంచిలో కుక్కి ఉన్నాయి.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

మరిది లోపల బోర్డులకి మైనం రాస్తున్నాడు. పదిహేనేళ్లుగా జనానికి నేర్పేది అతను. విరిగిన బోర్డులు అతికేదీ, తాళ్లు చూసేదీ ఆమె.

"ఎవరు మార్చారివి?"

"నేనే వదినా. ఇవాళ వచ్చినవాళ్లంతా పొట్టివాళ్లు. పొడుగు తాళ్లిస్తే కాళ్లకి చుట్టుకుని బొక్కబోర్లా పడతారు."

"తాడు కొలిచేది మనిషిని చూసా, బోర్డుని చూసా?"

"కట్టుకునేది మనిషే కదా."

"చెప్పులు కొనుక్కోవడానికొచ్చారా వాళ్లు? బోర్డు తొమ్మిదడుగులు. తాడు కూడా అంత ఉండాలి. పొట్టిదైతే పడగానే సాగి, బోర్డుని విసురుగా లాక్కొచ్చి మొహాన కొడుతుంది. నా కూతురి కనుబొమ్మ చూడు. ఐదు కుట్లు. ఇంకాస్త కిందైతే కన్నే పోయేది."

మరిది చేతిలోని మైనం ముద్దని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "దాని సంగతి వేరు. అది పడ్డమే సరిగా పడలేదు."

కూతురు గుమ్మంలోకి వచ్చి ఆ మాట విన్నది. "అవునమ్మా. బాబాయ్ ఆరోజే చెప్పాడు, తప్పు నాదేనని. ఇవాళ జాగ్రత్తగా పడతాలే. ఊరుకో, బయట అందరూ వింటున్నారు."

రెండు వారాలుగా పిల్ల తలుపు మూసుకుని మంచం మీంచి పరుపు మీదకి దబీదబీమని దూకుతుంటే వదినగారు పిల్లచేష్టలనుకుంది. పడ్డం నేర్చుకుంటోందన్నమాట! దెబ్బ తిన్నదీ అదే, తప్పు మోస్తున్నదీ అదే.

ఆమె ఒక బోర్డు నేల మీద పడేసి, ఆరడుగుల తాడు దాని తోక నుంచి ముక్కు వైపు పరిచింది. మూడడుగులు ఖాళీగా మిగిలిపోయాయి.

"ఎంత చక్కగా పడితే ఈ మూడడుగులు పెరుగుతాయో మీ బాబాయినే అడుగు."

పిల్ల ఆ ఖాళీ వంక చాలాసేపు చూసింది. తర్వాత బాబాయి వంక చూసింది.

"సరే వదినా, మారుస్తాను. జనం ఎదురుచూస్తున్నారు, పక్కకి జరగండి."

వదినగారు జరగలేదు. గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. బయట ఇసుకలో, నేర్చుకోవడానికొచ్చిన పదకొండు మంది ఆడవాళ్లు ఇటు తిరిగారు.

"తాళ్లు నేను మారుస్తా. నువ్వు చెయ్యాల్సిన పని వేరే ఉంది. తప్పెవరిదో దానికి చెప్పు."

"ఇంతమందిలోనా?"

"దాన్ని అన్నది ఇంతమందిలోనే."

మరిది గోడ వైపు తిరిగి, మేకుల మీది తాళ్లు దింపుతూ గొణిగాడు. "తప్పు నాదేలే."

"గోడకేం కుట్లు పడలేదు."

అతని చెవులు కందిపోయాయి. తాళ్లు కింద పెట్టి ఇటు తిరిగాడు. "నీ తప్పేం లేదమ్మా. నువ్వు బాగానే పడ్డావు. తాడిచ్చింది నేను."

పిల్ల "ఊఁ" అంది. అంతకుమించి అతనికేమీ ఇవ్వలేదు. గోనెసంచి విప్పి, చిక్కుపడ్డ తాళ్లు విడదీయడం మొదలుపెట్టింది.

వదినగారి కోపం ఇసుమంతైనా తగ్గలేదు. ఒక్క మోకాలు మాత్రం పక్కకి తీసింది, ఒక బోర్డు పట్టేంత. వచ్చిన ప్రతి బోర్డునీ ఆపి, తాడు తోక నుంచి ముక్కు దాకా పరిచి చూశాకే బయటికి వదిలింది. పన్నెండూ.