లక్ష్మివారం లాంచీ

ధర్మతల్లాలో మా బస్సు మలుపు తిరిగే చోట లాంచీల ఆఫీసు ఒకటి ఉండేది. ఆఫీసంటే పెద్దదేం కాదు. ఒక కిటికీ, కిటికీలో ఒక మనిషి, కిటికీ కింద ఒక నల్లబల్ల. మహాలయ అమావాస్య ఇంకా వారం ఉందనగా ఆ బల్ల మీద కొత్త సంగతి పడింది. దుర్గ నిమజ్జనం గంగ మధ్య నుంచి చూపిస్తారట, బాబూఘాట్ దగ్గర ఎక్కి గార్డెన్ రీచ్ దాకా వెళ్లి రావడమట, టీ, సింగాడా అనే ఇక్కడి సమోసా వాళ్లవేనట. మూడే మూడు సాయంత్రాలు. దశమి గురువారం, మర్నాడు శుక్రవారం, ఆ పైన శనివారం. అయిపోతే మళ్లీ వచ్చే యేడే. ఒక్కో రోజు కింద ఒక్కో ధర సుద్దతో రాసి ఉంది.

నేను బస్సు కిటికీలోంచి మెడ బయటపెట్టి బల్ల కనబడినంతసేపూ చదువుతూనే ఉన్నాను. ఎందుకంటే మా నాన్న.

మా నాన్న బైరాగి కార్పొరేషన్‌లో మజ్దూరుగా చేసి జులైలో రిటైరయ్యాడు. సర్వీసున్నన్నాళ్లూ, దశమి వచ్చిందంటే ఆయన డ్యూటీ బాబూఘాట్‌లోనే. బొమ్మని నీళ్లలో వదిలాక మట్టి జారిపోయి లోపలి వెదురు చట్రం గడ్డితో సహా పైకి తేలుతుంది. దాన్ని ఇక్కడ కాఠామో అంటారు. మొలలోతు నీళ్లలో నిలబడి దానికి తాడు వేసి ఒడ్డుకి లాగడం నాన్న పని. తెల్లారి ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నం కలుపుకుంటూ ప్రతి యేడూ ఒకటే మాట అనేవాడు.

"అన్నీ సిక్కవు. కొన్ని జారిపోతాయి. పోటుకి కొన్ని ఎనక్కొస్తాయనుకో. మిగతావి గార్డెన్ రీచ్ వంపు దాటేసి ఎల్లిపోతాయి కదా, అవి ఏటవుతాయంటావు?"

"సముద్రంలోకి పోతాయి. ఇంకేటవుతాయి," అనేది మా అమ్మ సింహాచలమ్మ.

"సూసొచ్చినట్టు సెప్తన్నావు."

"నువ్వెళ్లి సూసి రా మరి."

ఆయన ఎప్పుడు వెళ్లాడు గనక. బొమ్మలు పడే రోజుల్లో డ్యూటీ, డ్యూటీ అయిపోయేసరికి నదిలో బొమ్మలుండవు. ఈ యేడు మొదటిసారి డ్యూటీ లేదు. వచ్చే యేడు మేమే ఉండం. క్వార్టర్ ఖాళీ చేసేయాలి, పూజలైన ఆదివారమే ఖరగ్‌పూర్‌లో అన్నయ్య దగ్గరికి మారిపోతున్నాం, మంచాలూ బీరువా అప్పుడే షాలిమార్ స్టేషన్లో గూడ్స్‌కి వేసేశాం కూడా. అంటే ఆ వంపు అవతల ఏముందో నాన్న చూడాలంటే బల్ల మీదున్న మూడు సాయంత్రాల్లో ఒకటి కావాలి. ట్యూషన్లు చెప్పి నేను దాచుకున్నది ఉంది. నాన్నకి చెప్పకుండా టికెట్లు కొని, ఆ సాయంత్రం చెయ్యి పట్టుకుని లాంచీ ఎక్కించేయాలి. మరి ఎప్పుడు కొనాలి?

ఇదిగో ఇక్కడ నాకు పిచ్చి పట్టుకుంది. నేను ఎకనామిక్స్ రెండో యేడు. లాంచీ ఒడ్డు వదిలిన నిమిషానికి ఖాళీ సీటు విలువ సున్నా అని మా మేడమ్ క్లాసులో చెప్పింది. అలాగైతే ఆఖరి గంటలో వాడు ఎంతకైనా అమ్మాలి కదా. కానీ పూజ రోజుల్లో జనం ఇంట్లోంచి బయటపడేదే ఆఖరి గంటలో, అప్పుడు వాడు ఎంతకైనా అమ్మగలడు కదా. ముందు కొంటే చవకా, ఆఖర్న కొంటే చవకా? ఇంత చిన్న ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు లేకపోవడం నాకు భలే నచ్చింది. కనబడిన వాళ్లందర్నీ అడిగాను. అరటిపళ్లవాడు మధ్యాహ్నం దాకా ఆగమన్నాడు. బస్సు కండక్టరు నదికెందుకు, పండాల్ చూడు, ఊరికే వస్తుందన్నాడు. అమ్మని మాత్రం గుట్టు విప్పి అడిగాను, ఎలాగూ ఆమెకీ ఒక టికెట్ కావాలి కనక.

"సేప పొద్దుగూకితే సవగ్గా ఇస్తాడు," అంది అమ్మ బియ్యం చెరుగుతూ. "కానీ అప్పటికి దాని కళ్లు ఎలగుంతాయో సూసుకోవాల."

"లాంచీకి కళ్లుండవమ్మా."

"నీకుంతాయి కదే. ఆ బల్లని రోజూ సూడు. ధర ఊరికే పెరగదు, ఊరికే తగ్గదు."

సరే, రోజూ చూశాను. బస్సు ఎడమవైపు సీటు దొరక్కపోతే నిలబడి చూశాను. మహాలయ దాటగానే శుక్రవారం ధర చెరిపి పెంచారు, శనివారానిదీ పెంచారు. గురువారం ముట్టుకోలేదు. పంచమి నాడు చూద్దును కదా, గురువారానిది తగ్గించారు. అసలైన దశమి, అమ్మవారు వెళ్లిపోయే రోజు, దానికి తగ్గించడమేమిటి? కాలేజీకి వెళ్లకుండా దిగిపోయి కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపల ఘోషాల్ బాబు, ఆ టికెట్ల మనిషి, ఫోన్‌లో టాటావాళ్ల కారు ఫ్యాక్టరీ గురించి ఎవరితోనో గట్టిగా వాదించుకుంటున్నాడు. నన్ను చూసి చేత్తోనే బల్ల చూపించాడు, చదువుకో అన్నట్టు. చదువుకున్నాను. అర్థం కాలేదు. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను.

అమ్మ చేట కింద పెట్టింది. "దశమి లక్ష్మోరం కదా. మర్నాడు శుక్రోరం. శుక్రోరం పూట ఇంటాడపిల్లని అత్తోరింటికి ఎవుడైనా పంపుతాడేటే? అమ్మోరు పుట్టింటికొచ్చిన పిల్ల. అందరూ లక్ష్మోరమే ఒగ్గేస్తారు. శుక్రోరం నీ గంగలో నీళ్లు తప్ప ఏటుండవు."

"మరి శుక్రవారానికి ధరెందుకు పెంచాడు?"

"ఆడికి తెలీదేమో. బల్లమీద రాసినోడికి అన్నీ తెలుస్తాయేటి?"

ఒక్కసారిగా నా బుర్రలో దీపాలు వెలిగాయి. శుక్రవారం పూట ఆడపిల్లని పంపరన్నది నాకూ తెలుసు, అక్క పెళ్లయ్యాక మా ఇంట్లో చూసిందే. బల్ల రాసినవాడు అది లెక్కలోకి తీసుకోలేదు. అంటే ధర తప్పు. పుస్తకాల్లో ధర తప్పడం ఉండదు, ఉంటే ఎవరో ఒకరు పరిగెత్తుకెళ్లి కొనేస్తారట. ఆ ఎవరో ఒకరు నేనే అయ్యాను. షష్ఠి నాడు పొద్దున్నే, కిటికీ తలుపు తెరిచేసరికే అక్కడున్నాను.

"గురువారమేనా దిది?" అన్నాడు ఘోషాల్ బాబు.

"గురువారమే."

"శుక్రవారానికి ఇంకా కొన్ని ఉన్నాయి."

"వద్దు."

అతను నా ముఖంలోకి కాసేపు చూసి, మూడు టికెట్లు చింపి, అడక్కుండానే ముందు వరస రాసిచ్చాడు. నష్టానికి అమ్ముతున్నందుకు బాధపడుతున్నాడు పాపం అనుకున్నాను. నవ్వు ఆపుకోవడానికి బస్‌స్టాప్ దాకా పెదవి కొరుక్కుంటూ నడిచాను.

నవమి నాడు ఊరికే, ఒక విజేత వెళ్లి చూసుకున్నట్టు, బల్ల చూసుకోవడానికి వెళ్లాను. గురువారం కింద ధర ఇంకా తగ్గి, పక్కన ఇద్దరికి కొంటే ఒకరు ఉచితం అని ఉంది. శుక్రవారం కింద సీట్లు లేవని అడ్డంగా కొట్టేసి ఉంది.

"ఇదేమిటి బాబూ?"

"లక్ఖీబార్ కదా దిది," అన్నాడు ఘోషాల్ బాబు, పిల్లలకి చెప్పినట్టు. "గురువారం లక్ష్మీదేవి రోజు. ఆ రోజు దుర్గతల్లితో పాటు, ఆమె పక్కనే నిలబెట్టిన కూతురు లక్ష్మిని కూడా ఎవరు సాగనంపుతారు? తిథి తప్పకూడదనే ఇళ్లవాళ్లు నలుగురు వదులుతారేమో. పాడా బొమ్మలు, అదే వీధి పందిళ్లవి, అన్నీ రేపు కాదు, ఎల్లుండే. నీకు తెలుసనుకున్నాను. ప్రశాంతంగా ఉంటుందని అడిగావేమో అనుకున్నాను."

మార్చుకోవడం కుదరదన్నాడు. శుక్రవారం, శనివారం రెండూ నిండిపోయాయి. బస్సులో ఈసారి కుడివైపు కూచున్నాను.

ఇంటికొచ్చి వాకిట్లోనే అమ్మ మీద పడ్డాను. "వీళ్లకి గురువారమటమ్మా. లక్ష్మి గురువారమట."

"అదేటి, లక్ష్మికి శుక్రోరం కదా. లక్ష్మోరం నాడు ఎవుడు..." అంటూనే అమ్మ ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను. పుట్టినప్పట్నుంచీ ఆ రోజుని లక్ష్మోరమనే పిలుస్తున్నాం. పేరు గురువారానికి పెట్టి, పట్టింపు శుక్రవారానికి పెట్టుకున్నాం. ఇద్దరం ముఖముఖాలు చూసుకుంటూ ఉండగానే లోపల్నుంచి నాన్న గొంతు వినబడింది.

"ఎవుర్ని పంపుతారే? ఏ లక్ష్మి?"

గిన్నెలు గోనెసంచిలో మూటకట్టుకుంటూ అంతా విన్నాడన్నమాట. ఇక దాచి లాభం లేదు. మూడు టికెట్లూ ఆయన చేతిలో పెట్టి, బల్ల సంగతీ, చేప కళ్ల సంగతీ, శుక్రవారం సంగతీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. నాన్న టికెట్లని అటూ ఇటూ తిప్పాడు.

"దశమి లక్ష్మోరం వొస్తే మేం ఘాట్‌లో పేకాడుకునేవోళ్లం," అన్నాడు. "నన్నొక మాట అడగొచ్చు కదే తవిటీ."

"అడిగితే నీకు తెలిసిపోదేంటి?"

"అదీ నిజమే." మూట ముడి బిగించాడు. "పోన్లే. బొమ్మల్లేకపోతే లేవు. గంగ ఉంతాది కదా."

ఆ 'పోన్లే' నాకు తిట్టులా తగిలింది. నా మీద కోప్పడి ఉంటే బాగుండును.

గురువారం సాయంత్రం బాబూఘాట్‌లో దిగేసరికి నాన్న పాత జతగాళ్లు నలుగురు మెట్లమీద కూచుని నిజంగానే పేకాడుతున్నారు. "ఏటి బైరాగన్నా, టికెట్ కొని మరీ డ్యూటీకొచ్చావు," అని ఒకడు. "ఆపీసరైపోయాడ్రా, లాంచీ మీద ఇన్‌స్పెక్షను," అని ఇంకొకడు. నాన్న ఇస్త్రీ చొక్కా సర్దుకుని, "ఆట సూసుకోండ్రా, జోకర్లు," అని లాంచీకి వేసిన చెక్క మీదుగా ఎక్కాడు.

లాంచీలో మా ముగ్గురం కాక ఒక ముసలి బెంగాలీ జంటా, కెమెరా పట్టుకున్న ఒకాయనా. టీ, సింగాడా మాత్రం అందరికీ సరిపడా తెచ్చినట్టున్నారు, ఒక్కొక్కరికి మూడేసి ఇచ్చారు. ఘాట్‌లో డప్పులు మోగుతూ రెండు ఇంటి బొమ్మలు దిగాయి. చిన్నవే. అవి ఏడుసార్లు తిరిగి వెల్లకిలా నీళ్లలోకి ఒరిగాయి. అంతే, అయిపోయింది. అవతలి ఒడ్డున ఒకటి. కెమెరా ఆయన మూత పెట్టేశాడు.

లాంచీ నడిపే సారంగు తెల్లగడ్డం మనిషి. వెనక్కి తిరిగి, "చూడ్డానికి ఇక్కడింకేం లేదు. తిప్పేయమంటారా, కిందకి పోనీమంటారా?" అన్నాడు.

"గార్డెన్ రీచ్ దాకా అని బల్ల మీద రాశారు కదా," అన్నాను, ధరలో ఓడిపోయినా దూరంలో ఓడిపోకూడదని.

"బల్లకేం, రాస్తారు. రేపైతే పడవల మధ్య ప్రిన్సెప్ ఘాట్ కూడా దాటలేం. అక్కడే గంటసేపు తిరిగి ఒడ్డుకి తెస్తాను. ఇవాళ నది ఖాళీ. ఎంత దూరమంటే అంత దూరం."

నాన్న టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. "వంపు దాటిస్తావా దాదా?" అన్నాడు బెంగాలీలో.

సారంగు ముసలి జంట వైపు చూశాడు. ఆవిడ సింగాడా తింటూ తలూపింది.

నీళ్లు సముద్రం వైపు తీసే పాటు వేళ అది. లాంచీ నీటితోపాటే జారింది. రెండో బ్రిడ్జి మా నెత్తి మీంచి వెళ్లింది, రేవు క్రేన్లు వెళ్లాయి, ఓడలు కట్టే యార్డు దీపాలు వెళ్లాయి. నాన్న ముందు వరసలో కూడా కూచోలేదు, కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు. కాసేపటికి చెయ్యి చాచాడు. మా ముందు నీళ్లలో నల్లగా ఒకటి తేలుతూ పోతోంది, గడ్డి జుట్టులా పరుచుకుని. ఇందాకటి రెండింట్లో ఒకటి. పేకాటలో జారిపోయిందన్నమాట.

"దాని వెనకాలే పోనీ దాదా," అన్నాడు నాన్న. గొంతు చిన్నపిల్లాడిలా ఉంది. సారంగు ఇంజను తగ్గించి దాని వెనకాలే పోనిచ్చాడు.

వంపు తిరిగింది. అవతల మెటియాబ్రుజ్ వైపు బురద గట్టు మీద పెట్రోమాక్స్ లైటు వెలుగుతోంది. చిన్న డింగీ పడవలో గళ్ల లుంగీ మనిషి ఒకడు గెడతో మా కాఠామోని ఒడిసి పట్టి గట్టుకి తోశాడు. గట్టు మీద ఇంకొకడు గడ్డి ఊడదీసి వెదుళ్లు విడగొట్టి పేరుస్తున్నాడు. వాళ్లకి మాట వినబడేంత దగ్గరికి వెళ్లి లాంచీ ఆగింది.

"దీంతో ఏం చేస్తారు భాయ్?" అని అడిగాడు నాన్న.

"దర్జీల దుకాణాలకి ఇస్తాం. కుట్టిన బట్టలు వేలాడదీయడానికి. మంచి వెదురు, నానినా పుచ్చదు."

"చాలా వస్తాయా?"

"ఎక్కడ దాదా," అన్నాడు డింగీ మనిషి గెడ నీళ్లలో పొడుస్తూ. "పైన బాబూఘాట్‌లో ఎవడో ఉన్నాడు. వాడి చేతులు విరగ, ఒక్కటి వదలడు. మా నాన్న వాడిని తిట్టుకుంటూనే పోయాడు, ఇప్పుడు నేను తిట్టుకుంటున్నాను."

అమ్మకి బెంగాలీ అంత రాదు గానీ తిట్లు బాగా అర్థమవుతాయి. కొంగు నోటికడ్డం పెట్టుకుని నాన్న నడుంలో పొడిచింది. "సెప్పు. నువ్వేనని సెప్పు."

నాన్న గొంతు సవరించుకున్నాడు. "ఇక మీదట వాడు రాడులే."

"నీకెలా తెలుసు?"

"రిటైరైపోయాడు."

"అల్లా మేలు చేశాడు," అన్నాడు డింగీ మనిషి, చాలా మనస్ఫూర్తిగా. నాన్న నవ్వాడు. కమ్మీ పట్టుకుని, వంగి, భుజాలు ఊగేలా నవ్వాడు. అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఎందుకో తెలియకపోయినా డింగీ మనిషి కూడా నవ్వాడు. నాన్న తన మూడో సింగాడా పొట్లం కట్టి అతని వైపు విసిరితే గాల్లోనే పట్టుకున్నాడు.

లాంచీ వెనక్కి తిరిగింది. నాన్న వచ్చి కూచున్నాడు.

"సముద్రంలోకి పోతాయన్నావు," అన్నాడు అమ్మతో.

"నానేటి సూసొచ్చి సెప్పానేటి?"

యార్డు దీపాలు మళ్లీ వచ్చాయి. నాన్న మెడ తిప్పి, వంపు వైపే చూస్తున్నాడు.

"ఒలే తవిటీ. ఈళ్ల సేతికి కూడా సిక్కనివి కొన్నుంతాయి కదా. అవి ఏటవుతాయంటావు?"

గంగ సముద్రంలో కలిసే చోట జరిగే గంగాసాగర్ మేళాకి లాంచీలు జనవరిలో వేస్తారు. ఘోషాల్ బాబు బల్ల మీద ఆ ధరలు ఎప్పుడు పడతాయో, అందులో మకర సంక్రమణం ఏ వారం వస్తుందో నేను అప్పటికే ఆలోచిస్తున్నాను, ఖరగ్‌పూర్ నుంచి రైలెక్కి వచ్చైనా చూసుకోవాలి. ఈసారి ముందు నాన్ననే అడగాలి.