జూన్ పదమూడు నాటి కాపీ

జూన్ పద్నాలుగున మధ్యాహ్నం నేను రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు తిన్నాను. గుడ్డు సరిగ్గా ఉడకలేదు. వంట నాకు కొత్త. నా భార్య పోయి అప్పటికి ఇరవై రెండు రోజులు. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ గుడ్డు తింటూనే, ఆమె చదివిన పాఠాల్లోంచి దగ్గు కత్తిరించడం మొదలుపెట్టాను.

చూపులేని పిల్లల బడి కోసం ఆమె ఆరేళ్లపాటు పాఠాలు చదివి రికార్డు చేసింది. మెట్ల కింద గదిలో, బీరువాకూ గోడకూ మధ్య కుర్చీ ఇరికించుకుని చదివేది. రెండువందల పన్నెండు పాఠాలు. అవన్నీ అదే గదిలోని పాత కంప్యూటర్లో ఉన్నాయి. మా మేనకోడలు దాన్ని చిన్న సర్వర్‌గా మార్చిపెట్టింది. పిల్లలు బడిలో కూర్చునే వింటారు. లోపల రెండు డిస్కులు. మొదటిదాంట్లో ఏముంటే రెండోదాంట్లోనూ అదే ఉంటుంది.

మొదట్లో దగ్గులూ తడబాట్లూ ఆమే తీసేసేది. చివరి ఏడాది చదివిన ముప్పై ఎనిమిది పాఠాలకు మాత్రం ఆ ఓపిక లేకపోయింది. నాలుగు రోజుల్లో వాటిని నేను శుభ్రం చేశాను. దగ్గుతోపాటు మధ్యమధ్య ఆమె నాతో అన్న మాటలూ తీసేశాను. మంచినీళ్లు అడిగినవి, ఫ్యాను ఆపమన్నవి, విసుక్కున్నవి. పిల్లలకు పాఠం చాలు కదా అనుకున్నాను. నిజానికి వినలేకపోయాను.

వానలు వెలిశాక ఒక ఆదివారం మేనకోడలు వచ్చి సర్వర్ మూత విప్పింది. ఆమెది ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం.

"మావయ్యా, ఒక డిస్కు మూలుగుతోంది. రెండోదాన్ని నమ్ముకుని ఇన్నాళ్లూ గుర్రు పెట్టి నిద్రపోయావా?"

"అది బ్యాకప్పే కదమ్మా."

"బ్యాకప్ కాదు, తోడుదొంగ. ఒకటి చస్తే రెండోది ఆదుకుంటుంది, నిజమే. కానీ నువ్వు ఇందులో తప్పు చేస్తే అందులోనూ ఆ క్షణమే అదే తప్పు."

"మరేం చేద్దాం?"

"దూరంగా ఎవరి సర్వర్లోనో చోటు అద్దెకు తీసుకుని పంపొచ్చు. నీ ఇంటర్నెట్ నత్తకు తమ్ముడు. అన్నీ వెళ్లేసరికి నాకు మనవలు పుడతారు. దానికన్నా బయట పెట్టే డిస్కులు రెండు కొందాం. రోజుకో తేదీతో కాపీ. కొత్తది వచ్చినా పాతది చెరగదు. ఒక డిస్కు ఇక్కడ, ఒకటి మా ఇంట్లో. ఆదివారం ఆదివారం మార్చుకుందాం. ఎప్పుడైనా ఏ తేదీది కావాలంటే ఆ తేదీకి వెనక్కి వెళ్లొచ్చు."

"జూన్ పదమూడుకు వెళ్లొచ్చా?"

ఆమె స్క్రూడ్రైవరు కింద పెట్టింది. "ఇవాళ మొదలుపెడితే ఇవాళ్టి నుంచే మావయ్యా." నా వైపు తిరిగి అడిగింది, "జూన్లో ఏం చేశావు?"

చెప్పాను. తిట్టలేదు. తిట్టకపోవడమే ఆ రోజుకు నాకు దక్కిన మేలు. సర్వర్లోని డిస్కులు రెండూ తన ఇంటికి పట్టుకెళ్లి రెండు రోజులు వెతికింది. మూడో రోజు పొద్దున ఫోన్ చేసి, "కొత్తవాటిని పాతవాటి మీదే రాసేశావు మావయ్యా. ఏమీ మిగల్లేదు," అంది. ఏదో తనే చెరిపేసినట్టుంది ఆ గొంతు.

ఇక మిగిలింది బడి. అక్కడి లెక్కల మాస్టారికి ఫోన్ చేశాను. ఆయనకూ చూపు లేదు.

"అమ్మగారి దగ్గు ఏమైందని పిల్లలు అడుగుతూనే ఉన్నారు సార్," అన్నాడాయన. "దగ్గు వినబడితే ఇక పేజీ తిప్పుతారని వాళ్లకు గుర్తు."

"పాతవి మీ దగ్గర ఏమైనా ఉన్నాయా?"

"మేం అక్కడికక్కడే వింటాం సార్, దాచుకోం. ఉండండి... మే నెలలో రైల్లో వింటానికి ఒకటి ఫోన్లోకి దించుకున్నాను. వానపాము పాఠం. అదొక్కటే. ఏమీ అనుకోకండి సార్, ఇంకో నాలుగు దించుకోవాల్సింది."

నా తప్పుకు ఆయన నన్ను క్షమించమంటున్నాడు.

మరుసటి ఆదివారానికి ఆ పాఠం సర్వర్లో చేరింది. సర్వర్లో మూలిగే డిస్కు పోయి కొత్తది వచ్చింది. బయటి డిస్కులు రెంటిలోనూ తేదీలతో కాపీలు మొదలయ్యాయి. పని అయిపోయిందనుకున్నాను. మేనకోడలు కుర్చీ నా వైపు జరిపింది.

"కూర్చో. వెనక్కి తీసి చూడని కాపీ ఉన్నా లేనట్టే." అని వానపాము పాఠాన్ని సర్వర్లోంచి చెరిపేసింది.

నాకు తెలియకుండానే ఆమె చేయి పట్టుకున్నాను.

"మూడు చోట్ల ఉంది మావయ్యా. బయటి డిస్కులు రెంటిలో, మాస్టారి ఫోన్లో. నా చేయి వదిలి ఆ తేదీ నొక్కు."

నొక్కాను. రెండుసార్లు తప్పు తేదీ మీద పడింది. మూడోసారి వచ్చింది. "వచ్చిందని చెప్తే కాదు, తెరిచి చూడాలి," అంది.

తెరిచాను. ఆరు నెలల తర్వాత నా భార్య గొంతు. వానపాము దేహం ఖండితాలుగా ఉంటుందని తీరిగ్గా చెబుతోంది. ఇంతలో ధడాలున తలుపు చప్పుడు.

"ఏమండీ, తలుపు కాస్త మెల్లగా వేయండి. వానపాము ఉలిక్కిపడుతుంది."

దూరం నుంచి నా గొంతు: "దానికి చెవులుండవు." ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం చెప్పినవాడి జవాబు అది. ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగాక పేజీ తిరిగింది. పిల్లల గుర్తు సరైనదే.

మేనకోడలు కిటికీ వైపు తిరిగి, "నెలకోసారి ఏదో ఒక పాఠం ఇలాగే వెనక్కి తీసి వినాలి," అంది. "అది కూడా ఈ పద్ధతిలో భాగమే."

తక్కిన ముప్పై ఏడింటిలో పాఠం ఉంది. ఆమె నాతో అన్న మాటలు లేవు. అవి ఏ తేదీ నొక్కినా రావు.

రెండో డిస్కును తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని మేనకోడలు వెళ్లిపోయింది. తొమ్మిదింటికి ఆ రోజు కాపీ మొదలై, గదిలో చిన్న పచ్చ దీపం మిణుకుమంటోంది. కుర్చీని బీరువా పక్కకు జరిపి, లైటు తీసేశాను. తలుపును రెండు చేతులతో పట్టుకుని, గొళ్లెం కదలకుండా వేలు అడ్డం పెట్టి, మెల్లగా మూశాను.