కుటి అన్నవాడు

వెర్లీ అత్త అతన్ని ఇసుకలో అడుగు పెట్టనివ్వలేదు.

"అక్కడే ఆగు. ఎవరి మనవడివి?"

"ఐవీ హార్లో మనవణ్ణి. డెస్మండ్." చేతిలో అస్థికల డబ్బా ఉంది. "అమ్మమ్మని చిన్నప్పుడే, మన ఆదివాసీ పిల్లలెందర్నో ఎత్తుకెళ్లినట్టే, తెల్లవాళ్ల పోలీసులు ఎత్తుకెళ్లి అనాథాశ్రమంలో పడేశారు. ఈ మింజెరిబా దీవిలో హార్లోలున్నారని విన్నాను. మీ శ్మశానంలో ఆమెకింత చోటివ్వండి."

హార్లోలం మేమే. మా అన్న లయనెల్ ఉమ్మేశాడు.

"పోయినేడూ ఒకడొచ్చాడు, చుట్టాన్నంటూ. వాడిక్కావలసింది మా భూమి. నీకేం కావాలి, ఇల్లా?"

"ఈ డబ్బా పట్టేంత గుంట చాల్లేరా."

"నన్ను రా అంటావా!" లయనెల్ మీదికురికాడు. నేను నడుం పట్టి లాగాను.

అత్త బకెట్ అతని కాళ్ల ముందుకు విసిరింది. "మనవాడివైతే గుల్లలు పట్టుకురా. చేత్తో తవ్వకు."

డెస్మండ్ డబ్బా ఒడ్డున పెట్టి, బూట్లు విప్పి, అలల్లోకి దిగాడు. పాదాలతో గుల్లల్ని వెతుకుతూ, మడమలు మెలితిప్పుతూ ఇసుకలోకి కూరుకుపోయాడు, అచ్చం మాలాగే.

"ఎక్కడ నేర్చావ్?" అని అరిచాను.

"వంటింట్లో! అమ్మమ్మ గచ్చు మీద ఆడించేది!"

కాలికేదో తగిలింది. వంగి గుల్ల పైకెత్తి, పిల్లాడిలా కేక పెట్టాడు. "కుటి!"

అత్త మొహం బిగుసుకుంది. "ఏమన్నావ్?"

"కుటి. అమ్మమ్మ అలాగే అనేది."

"మేం యుగరి అంటాం. అంగట్లో పిపి అంటారు, అది సముద్రం దాటొచ్చిన మావోరీల మాట. కుటి అనేది దక్షిణాన, ముర్రే నది సముద్రంలో కలిసే చోటి వాళ్లు. పెళ్లికి ముందు వాళ్లతో ద్రాక్షతోటల్లో కూలి చేశాను. మడమలు తిప్పడం వాళ్లకీ వచ్చు."

"మరి ఇంటిపేరు?"

"ఆశ్రమంలో ఏ పేరు తోస్తే అది తగిలించేవాళ్లు. మీ అమ్మమ్మ మా మనిషి కాదు. పరాయి మట్టిలో పాతిపెడతావా? తియ్ ఆ డబ్బా."

లయనెల్ నవ్వాడు. "పడవ వెళ్లిపోతుంది, పరిగెత్తు."

డెస్మండ్ గుల్లని నీళ్లలోకి విసిరికొట్టాడు. "ఇన్నేళ్లూ ఈ దీవి పేరే చెప్పుకు తిరిగానే! ఇక్కడికే తేవాలని ఆమెని ఇంట్లోనే పెట్టుకున్నాను."

"అది నా తప్పా?" అంది అత్త.

అతను డబ్బా ఎత్తుకున్నాడు. "ఆ నది దగ్గరా ఇలాగే తిడతారా?"

"తిట్టకపోతే అనుమానించు," అంది అత్త. "ఇంటిపేరు చెప్పకు. ముందు ఆ కుటి మాట చెప్పు."

బూట్లు చేత పట్టుకునే రేవు వైపు నడిచాడు. పడవ ఎక్కేదాకా చూడ్డానికి లయనెల్ వెనకే వెళ్లాడు.