తోలు ఒలిచేవాడి మొహం

నా మొగుడు కోస్మే సెవిల్ పట్నం కబేళాలో తోళ్లు ఒలిచేవాడు. కూలిన ఎద్దు ఇంకా కాళ్లు తన్నుకుంటూ ఉండగానే పొట్ట మీద కత్తితో గీత గీసి, లోపలికి పిడికిలి దూర్చి, చొక్కా విప్పినట్టు విప్పేసేవాడు. నేను గేటు బయట బోటీ అమ్మేదాన్ని. చిత్రకారుడు డాన్ లియాండ్రో ఒకరోజు అక్కడికి వచ్చి, ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి, కోస్మే వెంట పడ్డాడు. మా పేట చర్చికి ఆయన పునీత బర్తొలోమయి బొమ్మ వేస్తున్నాడు. ఆ అపొస్తలుణ్ణి బతికుండగానే తోలు ఒలిచి చంపారు కదా, ఆ ఒలిచే పాపాత్ముడి కోసం ఆయనకి ఒక మనిషి కావలసి వచ్చాడు.

"నా మొహం చర్చిలో ఉంటుందే బ్రిగిదా" అన్నాడు కోస్మే, పెళ్లికొడుకులా మురిసిపోతూ.

"ఉంటుంది, సైతాను పక్షాన" అన్నాను.

ఆగస్టులో పునీతుడి పండగనాడు తెర లాగారు. చర్చి అంతా ఒక్కసారి మూలిగింది. పునీతుడి మణికట్లు కొయ్యకి కట్టేసి ఉన్నాయి. ఒక చెయ్యి మోచేతి దాకా ఎర్రటి పచ్చి మాంసం. కత్తి పళ్ల మధ్య పట్టుకుని, రెండు చేతులతో తోలు లాగుతూ, మా వైపు తిరిగి నవ్వుతున్నాడు నా కోస్మే. నా పక్కనున్న రొట్టెల ఉర్సులా అక్కడే వాంతి చేసుకుంది. నేను తల దించుకున్నాను. ఆ తర్వాత ఆ బొమ్మవైపు కన్నెత్తి చూడలేదు.

వారం తిరక్కుండానే ఎవరో తలసూదితో బొమ్మలోని కోస్మే కళ్లు పొడిచేశారు. డాన్ లియాండ్రో వచ్చి దిద్ది వెళ్లాడు. మళ్లీ పొడిచారు, మళ్లీ దిద్దాడు. ఆయనకి అదంతా పొగడ్తే. బొమ్మ మీద కసి తీరనివాళ్లు మనిషి మీద పడ్డారు. సందులో మొహాన ఉమ్మేవాళ్లు. ఒకడు కుక్కని ఉసిగొల్పాడు. అది పిక్క పట్టుకుని కండ ఊడేదాకా వదల్లేదు. "పునీతుణ్ణి చంపిన చేతుల్తో డబ్బులిస్తావా?" అని ఉర్సులా మాకు రొట్టె అమ్మడం మానేసింది. క్రిస్మస్ నాటికి రాయి తగిలి కోస్మే కనుబొమ చీలింది. ఈసారి చంపేస్తారని నాకు అర్థమై చిత్రకారుడి ఇంటికి పరిగెత్తాను.

"అయ్యా, తమ కాళ్లు పట్టుకుంటా. ఆ మొహం మార్చండి. ముక్కు వంకర చేయండి, గడ్డం పెట్టండి, ఏదో ఒకటి."

"ఎందుకమ్మా? జనం పళ్లు నూరుతున్నారంటే నా బొమ్మ బతికినట్టే."

"బొమ్మ బతికిందయ్యా. నా మొగుడే చచ్చేట్టున్నాడు."

"చర్చి గురువుగారు చెబితే మారుస్తా. బోటీ అమ్ముకునేదానివి నువ్వు చెబితే కాదు" అన్నాడు. నోరు పడిపోను వాడికి.

కోస్మే మాత్రం వేరే ఎత్తు వేశాడు. శుభ శుక్రవారంనాడు ఊరేగింపులో కొరడా దెబ్బలు కొట్టుకునే భక్తులతో కలుస్తానన్నాడు. మా ఊళ్లో వాళ్లు తలకి తెల్లటి ముసుగు వేసుకుని, వీపు మాత్రం బట్ట లేకుండా వదిలేసి నడుస్తారు. ఎవరు ఎవరో తెలియకూడదు, అదే నియమం.

"నా రక్తం చూసి ఏడవనీ ముందు. ఏడ్చాక ముసుగు తీసి చూపిస్తా, నేనేనని" అన్నాడు.

"వద్దయ్యా. ఈ జనం సంగతి నీకు తెలీదు."

"తెలుసే. మంచోళ్లే."

ఆరోజు అతనంత కసిగా కొట్టుకున్నవాడు ఇంకొకడు లేడు. కొరడా కొసన మైనం ఉండ, అందులో గాజుముక్కలు. కొట్టినప్పుడల్లా వీపు చిట్లి రక్తం పక్కనున్న గోడ మీద చింది పడుతోంది. ఆడవాళ్లు బోరున ఏడుస్తూ చేతిగుడ్డలు ఆ రక్తంలో అద్దుకుని ముద్దు పెట్టుకున్నారు. "ఏ తల్లి కన్న బిడ్డో!" అని ఉర్సులా గుండెలు బాదుకుంది. రొట్టెల అంగడి మలుపులో కోస్మే మోకాళ్ల మీద కూలిపోయాడు. నేను గుంపుని తోసుకుంటూ వెళ్లేలోపే ఉర్సులా అతని తల ఒళ్లో పెట్టుకుని, సారా తాగిద్దామని ముసుగు ఎత్తింది. జాలిపడే ఎత్తింది, అబద్ధం ఎందుకు చెప్పాలి!

"అమ్మో, ఒలిచేవాడు!" అని అరిచింది.

ఆ ఏడ్చిన ఆడవాళ్లే ముందు మీద పడ్డారు. కొవ్వొత్తుల కర్రలతో, చెక్కచెప్పులతో, అతని కొరడాతోనే కొట్టారు. ఒకడు జుట్టు పట్టుకుని మొహాన్ని అరుగు అంచుకేసి బాదుతుంటే ఎముకలు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నేను ఒకడి చెవి కొరికి ఊడదీశాను. నా జుట్టు కుచ్చులు కుచ్చులుగా పీకారు. "పునీతుడికీ ఇలాగే నొప్పి పుట్టిందిరా!" అంటూ ఉర్సులా చెప్పుకాలితో అతని నోటి మీద తొక్కుతూనే ఉంది. ఊరి భటులు కత్తులు దూసి వచ్చాకే వదిలారు.

కోస్మే బతికాడు. ముక్కు లేదు. దవడ ఒక పక్కకి కుంగిపోయింది, పళ్లు రాలిపోయాయి, ఎడమ కన్ను కారిపోయింది. గంజి నేనే గరిటెతో పోస్తాను. ఇప్పుడు అతన్ని ఎవరూ గుర్తుపట్టరు, కొట్టరు. ఉర్సులా అయితే ఎవరో బిచ్చగాడనుకుని మొన్న ఒక రొట్టె చేతిలో పెట్టి వెళ్లింది. ఆ రొట్టె తీసి కాలవలో విసిరేశాను.

గురువుగారికి సిగ్గేసినట్టుంది. బొమ్మలో మొహం మార్చమని డాన్ లియాండ్రోకి కబురు పెట్టాడు. ఆ మాట వినగానే బోటీ బుట్ట అక్కడే పారేసి చర్చికి పరిగెత్తాను. ఆయన అప్పటికే నిచ్చెనెక్కి, కుంచెకి బూడిదరంగు అద్దుకుంటున్నాడు. తల ఎత్తి చూశాను. నా కోస్మే ఉన్నాడు. ముక్కు ఉంది, రెండు కళ్లూ ఉన్నాయి, పెళ్లినాటి బుగ్గలు ఉన్నాయి. నా ఏడుపు ఆగలేదు.

"దిగు" అన్నాను.

"అదేంటమ్మా, మార్చమని నువ్వే కదా కాళ్లు పట్టుకున్నావు?"

"పట్టుకున్నాను. అప్పుడు ఆ మొహం ఇంట్లో ఇంకోటి ఉంది."

ఆయన కుంచె ఎత్తాడు. నేను నిచ్చెన తన్నేశాను. రంగుగిన్నెతో సహా బండల మీద పడి, మణికట్టు పట్టుకుని లబలబలాడాడు. చొక్కా మెడ పట్టుకుని లేపి గోడకి ఆనించాను.

"పిచ్చిదానా, జనం మళ్లీ ఆ కళ్లు పొడుస్తారే!"

"పొడవనీ. పొడిచినప్పుడల్లా వచ్చి ఉన్నదున్నట్టు దిద్దు. రాకపోయావో, నీ తోలు నేనే ఒలుస్తాను."