నా మూల మీది మేకన

నేను ఒక బొంతను. పుట్టుకతోనే బొంతను కాను. ఒకప్పుడు నాలుగు పాత చీరలు, ఒక పంచె. ఆ పంచె లస్మవ్వ భర్తది. ఆయన చనిపోయిన ఏడాది దాన్ని ఎవరికీ ఇవ్వబుద్ధి కాక, చీరల మధ్య పొరగా దాచి, మూడు నెలలు కూర్చుని దబ్బనంతో కుట్టింది. అందుకే నేను బరువు. ఆ బరువు చూసుకుని నాకు గర్వం. గర్వం ఉన్నచోట అసూయ కూడా చాప పరుచుకుంటుంది కదా.

నా మొదటి అసూయ ఒక వాచకం మీద. అరవై రెండో ఏట లస్మవ్వ సాయంత్రపు బడిలో చేరింది. అప్పటిదాకా నా కుట్లను తడిమిన వేళ్లు ఆ సన్నటి పుస్తకాన్ని తడమసాగాయి. అందులో మేక బొమ్మ, కింద ‘మేక’ అనే మాట. ఆమె తనంతట తాను చదివిన తొలి మాట అదే. మేకను చూసి మనిషి అంత మురిసిపోవడం నేనెక్కడా చూడలేదు.

ఇంతలో మనవరాలు మేఘన చదివే ఐదో తరగతి పిల్లల్ని మూడు రోజులు గుట్టల దగ్గరి సాహస శిబిరానికి తీసుకెళ్తామన్నారు. ప్రతి వస్తువు మీదా పేరు రాసి పంపాలట. నన్ను కూడా పంపాలనుకున్న లస్మవ్వ ఎవరి సాయమూ అడగలేదు. వాచకం ముందు పెట్టుకుని, ఎర్రదారంతో నా మూలన ‘మేక’ అనే మాటను దించి, పక్కన ‘న’ చేర్చింది. మేకన! ఊళ్లో ఆ పేరును ఒత్తి పలికేవాళ్లు మాత్రం ఎవరున్నారు గనక?

శిబిరంలో నా నెత్తిన పిడుగు పడింది. అక్కడ పిల్లలందరికీ నీలిరంగు స్లీపింగ్ బ్యాగులు ఇచ్చారు. నున్నటి ఒళ్లు, సర్రున జారే జిప్పు, చుడితే సొరకాయంత. మేఘన ఆ జిప్పును పదిసార్లు తీసింది, పదిసార్లు వేసింది. నా కుట్లను ఇన్నేళ్లలో ఒక్కసారైనా అలా చూసిందా? ఒళ్లు మండిపోయింది. ఆ జిప్పులో ఇసుక పడాలని, దాన్ని ఎలుక కొట్టాలని మనసారా కోరుకున్నాను.

అప్పుడే స్వరూప టీచర్ నన్ను ఎత్తి పట్టుకుంది.

“ఈ బొంత ఎవరిది? ‘మేకన’ అని ఉన్నది.”

“మేకనంట! మేఁ... మేఁ...” అని అందుకున్నాడు తోటి పిల్లాడు శ్రీచరణ్. గది గదంతా మంద అయిపోయింది.

మేఘన మొహం కందిపోయింది. “నాది కాదు టీచర్. నా పేరుల ‘ఘ’ ఉంటది, ‘క’ కాదు.”

చదువు ఇందుకు కూడా పనికొస్తుందని ఆ రోజే తెలిసింది నాకు. టీచర్ ఒక్క క్షణం మేఘన వంక చూసి, నన్ను కిటికీ గట్టు మీద పెట్టింది. రెండు రోజులు అక్కడే పడి ఉన్నాను. బయట తాడు వంతెనను ఆ పిల్ల రెండు చేతులా పట్టుకుని దాటుతుంటే, ఆ తాడుకున్నపాటి అదృష్టం నాకు లేకపోయిందే అని కుళ్లుకున్నాను.

మూడో రోజు పొద్దున చివరి పోటీ. కాలు విరిగిన మనిషిని గుట్ట దించే ఆట అది. రెండు వెదురు కర్రలకు బట్ట చుట్టి, అందులో ఒకరిని పడుకోబెట్టి మోయాలి. మేఘన జట్టుకు రోగి శ్రీచరణ్, జట్టులో అందరికన్నా బరువైనవాడు. స్లీపింగ్ బ్యాగ్ చుట్టారు. నాలుగడుగులు వేశారో లేదో, అది కర్రల మీంచి సర్రున జారింది. రోగి దభీమని కూలబడ్డాడు.

నా సంతోషం చెప్పనలవి కాదు.

అక్కడ ఆటలు నేర్పే యాకూబ్ సార్ నవ్వాడు. “నున్నటి బట్ట కర్రను పట్టది బిడ్డా. ముతక బొంత కావాలె. ఎవరి దగ్గరన్న ఉన్నదా?”

అందరి కళ్లూ కిటికీ వైపు తిరిగాయి.

“ఉన్నది గని,” అంది టీచర్, “దాని మనిషిని అడగకుండ ముట్టుకోవద్దు.” మేఘన వైపు మాత్రం చూడలేదు.

నా కుట్లన్నీ బిగుసుకున్నాయి. అప్పుడు ఒక చిన్న చెయ్యి మెల్లగా లేచింది.

“అది నాది టీచర్. మా నాయినమ్మ కుట్టింది.”

“మరి నీ పేరుల ‘ఘ’ ఉంటదంటివి?” కిందపడ్డ చోటి నుంచే అడిగాడు శ్రీచరణ్.

“మా నాయినమ్మకు ఇంకా ‘ఘ’ రాలే. వచ్చేదాంక నేను మేకననే. నువ్వు లేస్తవా, ఆడ్నే ఉంటవా?”

వాణ్ణి మోశాను. “మేకనా, మెల్లగనే! మేకనా, రాయి ఉన్నదే!” అని దారిపొడుగునా మొత్తుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పోటీలో రెండో స్థానం వచ్చింది.

ఇంటికి రాగానే లస్మవ్వ నా మూలను దులిపి, “బిడ్డా, పేరు ఎవలన్న చదివిండ్రా?” అని అడిగింది. తను రాసింది బయటివాళ్ల కంట పడడం ఆమె బతుకులో అదే మొదలు.

మేఘన ఎర్రదారాన్ని వేలితో నిమిరింది. “అందరు చదివిండ్రు నాయినమ్మా. గట్టిగనే చదివిండ్రు.”

రెండు నెలలకు లస్మవ్వకు ‘ఘ’ వచ్చింది. ఆ సాయంత్రం వాచకాన్నీ నన్నూ పక్కపక్కన పరుచుకుని చాలాసేపు చూసింది. తనలో తనే నవ్వుకుని, దారం విప్పడానికి దబ్బనం తీసింది. మేఘన వచ్చి నా మూలను పిడికిట్లో పట్టుకుంది.

“వద్దు. అది నా పేరే.”

ఇప్పటికీ ఆ అక్షరాలు అలాగే ఉన్నాయి. ఆ రోజు నుంచి గూట్లోని వాచకం నన్ను చూసే చూపులో ఏదో తేడా ఉంది. ఆ చూపు ఏమిటో నాకు తెలియనిదా?