మైకులో సుహైల్ గొంతు

సుహైల్ మాటంటే వాగొడ్డు వీధికి గురి. కుళాయి రాదన్నా, పోలియో చుక్కలన్నా, మైకు ఆటోలో వాడు చెబితే జనం మారుమాట లేకుండా నమ్మేవాళ్ళు. అందుకే మున్సిపాలిటీలో వరదల ప్లాను చూసే ఉపేంద్ర, వాన దంచుతున్న ఆ పొద్దున వాణ్ణి ఆఫీసుకు పిలిపించి ఒక ప్రకటన రికార్డు చేయించాడు.

"వాగు వల్ల ప్రమాదమేమీ లేదు. ఎవరూ ఇళ్ళు ఖాళీ చేయనక్కర్లేదు."

"నిజమేనా సార్?" అన్నాడు సుహైల్.

"నాకు తెలీదా ఏంది తమ్ముడూ? పైనుంచి రిపోర్టొచ్చింది."

ఇంకేముంది, నమ్మేశాడు పిచ్చిమారాజు! ఆ ప్రకటనను ఆటోల్లో పెట్టి ఊరంతా తిప్పారు.

సుహైల్ ఇంటికొచ్చేసరికి వాగు వీధిలోకి వచ్చేసింది. పక్కింటి బుజ్జమ్మ చీపురుతో నీళ్ళు బయటికి నెడుతోంది. మాచర్ల దిక్కు క్వారీలో బండ పడి నడుం విరిగిన ఆమె మొగుడు జక్కయ్య మంచం మీదే ఉన్నాడు.

"పిన్నీ, బయల్దేరు! బాబాయిని నేనెత్తుకుంటా!"

"ఏందిరా నీ గోల? ఏం కాదని నువ్వే చెబుతున్నావు కదా, ఇనపట్లా?"

నిజమే. వీధి చివర ఆటోలో వాడి గొంతే ఇంకా మోగుతోంది. ఎవరూ ఖాళీ చేయనక్కర్లేదట! సుహైల్ దాన్ని మించి అరిచాడు, తిట్టాడు, చివరికి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. నీళ్ళు మంచం పట్టెను అందుకున్నాక గానీ బుజ్జమ్మ కదల్లేదు. జక్కయ్యను వీపున వేసుకుని వీధి దాటేలోపే వెనక ఇంటి గోడ కూలింది. ఆమె కాపురమంతా నీళ్ళపాలైంది.

వరదొస్తే అందరూ కల్యాణ మండపానికి చేరాలని ప్లానులో ఉంది. ఆ సంగతి మొన్న ఎండాకాలం మైకులో చెప్పిందీ సుహైలే. తీరా అక్కడికెళితే సన్నాయి మోగుతోంది. పట్టుపంచెతో అతిథులకు పన్నీరు చల్లుతున్న ఉపేంద్ర, తడిసి ముద్దయిన ముగ్గురినీ చూసి గబగబా గేటు దగ్గరికొచ్చాడు.

"చైర్మన్ గారి మేనకోడలి పెళ్ళిరా. ముహూర్తం దాటగానే మీ అందర్నీ రమ్మని చెప్పించేవాణ్ణే. ఈలోపే తొందరేంది?"

ముహూర్తమా! ఇందుకా తన గొంతు వాడుకుంది! వీపున జక్కయ్య ఉన్నాడన్న సంగతే మరిచిపోయాడు సుహైల్.

"నా నోటితోనే నావాళ్ళని ముంచావు కదయ్యా!" అంటూ గేటును కాలితో తన్నాడు.

బుజ్జమ్మ ఉపేంద్రను పల్లెత్తు మాట అనలేదు. ఆఫీసోళ్ళను ఆమె ఏనాడూ నమ్మింది లేదు. మొగుడి ముఖం కొంగుతో తుడిచి, సుహైల్ వైపు తిరిగింది.

"నీకు ముందే తెలుసారా?"

"అల్లా మీద ఒట్టు పిన్నీ, నాకేం తెలీదు."

"మైకులోనూ ఇట్టాగే చెప్పావు కదరా నాయనా" అంటూ బుజ్జమ్మ వాడి వీపు మీంచి మొగుణ్ణి దింపుకుంది.