నిన్నటి ముద్ద

అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత. పోయి కూడా పోని అత్త ఉన్న కోడలి సంగతి ఆ సామెత కట్టినవాళ్ళు ఆలోచించినట్టు లేదు.

ఆ నూడుల్స్ దుకాణంలో అత్తగారు ఉన్నంతకాలం పిండి ఆవిడది, పొయ్యి కొడుకుది, గిన్నెలు తోమడం కోడలిది. పిండి, ఉప్పు, నీళ్ళు కలిపితే రొట్టె కూడా అవుతుందనేది ఆవిడ. నూడుల్ అనిపించుకోవాలంటే లాగితే సాగాలి, సలసల మరిగే నీళ్ళలో పడ్డా తెగకూడదు, పంటి కింద కాస్త ఎదురు తిరగాలి. అందుకు ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఏ రోజుకారోజు గుప్పెడు ముద్ద మిగిల్చి, మర్నాటికి కలిపే పిండిలో వేసి పిసకాలి. ఆవిడ కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ వరస తప్పలేదు.

వానలు మొదలయ్యాక ఆవిడ పోయింది. కోడలు పిండి బల్ల దగ్గరికి వచ్చింది. అప్పటినుంచీ రోజూ పొద్దున్నే, రాత్రి కలిపిన ముద్ద మీద కప్పిన తడిగుడ్డ తీసేసరికి దాని మీద మూడు గుంటలు ఉండేవి. చూపుడువేలు, ఉంగరంవేలు, చిటికెనవేలు. మధ్యవేలు ఉండాల్సిన చోట నున్నగా ఉండేది. అత్తగారి మధ్యవేలు చిన్న వయసులోనే పిండిని పల్చగా వత్తే మరలో పడి పోయింది. ముద్ద నానిందో లేదో ఆవిడ మిగిలిన మూడు వేళ్ళతోనే నొక్కి చూసేది. నానిన పిండిలో గుంట మెల్లగా పూడుకుంటుంది. ఈ గుంటలు మాత్రం పూడుకునేవి కావు.

మొగుడితో చెబితే పిల్లి అయి ఉంటుందన్నాడు. పిల్లి గుడ్డ తీసి, నొక్కి, మళ్ళీ కప్పి పోతుందా అని అడిగితే మరుగుతున్న నీళ్ళ వైపు తిరిగిపోయాడు. తల్లి మాట వస్తే చాలు, అతనికి పొయ్యి పని గుర్తొస్తుంది.

కోడలికి భయమొక్కటే కాదు, ఒళ్ళు మంట కూడా. బతికున్నన్నాళ్ళూ పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి అనేది, ఇప్పుడు పిండి మీద పెట్టి అంటోంది అనుకుంది. ఒకరోజు గుండె రాయి చేసుకుని, మిగల్చాల్సిన గుప్పెడు ముద్దను కాలవలో పడేసి, మర్నాటికి వట్టి కొత్త పిండి కలిపింది. పొద్దున గుడ్డ తీస్తే ముద్ద నున్నగా ఉంది. హమ్మయ్య అనుకుంది.

మామగారు ఎప్పట్లాగే గోడవార కూర్చుని ఉన్నాడు. భార్య పోయాక ఆయన వేరే తిండి ముట్టడం లేదు. పొద్దున ఒక గిన్నె నూడుల్స్, సాయంత్రం ఒక గిన్నె. వాటి మీదే మనిషి నిలబడి ఉన్నాడు. ఆ రోజు ఒక్క పోగు నోట్లో పెట్టుకుని, నమిలి, గిన్నె పక్కకు జరిపాడు.

"అమ్మాయ్, ఆవిడ ఇవాళ రాలేదేం?"

ఇన్నాళ్ళూ ఆవిడ వస్తోందని తనొక్కదానికే తెలుసనుకుంది కోడలు.

సాయంత్రం గిన్నె కూడా అలాగే చల్లారిపోయింది. మర్నాడూ అంతే. కొడుకు బతిమాలాడు, కోప్పడ్డాడు, అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. మంచినీళ్ళు తప్ప మరేదీ ఆయన గొంతు దిగలేదు. గ్లాసు ఎత్తుతుంటే ఆ చెయ్యి వణకడం చూసి కోడలికి తనమీద తనకే అసహ్యం వేసింది. అత్తను వెళ్ళగొడదామనుకుంటే మామ ప్రయాణం కట్టాడు.

కాలవ వానకు పొంగి పారుతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కాసేపు దాని ఒడ్డున నిలబడి, లోపలికి వచ్చి పిండి బల్ల మీద చేతులాన్చింది. అప్పుడు కనిపించింది, చెక్కల సందుల్లో ఏళ్ళ తరబడి ఇరుక్కుని ఎండిపోయిన పిండి. ఆ సందులు సరిగ్గా తోమనందుకు అత్తగారి చేత ఎన్ని చీవాట్లు తిందో.

కత్తి మొనతో గీకితే గుప్పెడు కూడా రాలేదు. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, కొత్త పిండిలో పోసి పిసికింది. తడిగుడ్డ కప్పుతూ "రండత్తయ్యా" అంది. అన్నాక ఏడుపొచ్చింది.

పొద్దున మూడు గుంటలూ ఉన్నాయి. నడుమ నున్నగా ఉన్న చోట తన వేలు పెట్టి నొక్కింది. నాలుగూ కలిసి మెల్లగా పూడుకున్నాయి.

ముద్దను లాగి, మడిచి, మళ్ళీ లాగి పోగులు తీసింది. మొగుడు వాటిని మరిగే నీళ్ళలో వదిలి, అంటుకోకుండా పుల్లతో కదుపుతూ, నురగ పొంగినప్పుడల్లా గరిటెడు చన్నీళ్ళు పోశాడు. ఒక పోగు కొరికి చూసి, లోపల పచ్చిపిండి తెల్లచుక్క పోయిందని తేలాక తీసి, చన్నీళ్ళలో ముంచి, వేడి సూపులో వేశాడు. ఒక్కటీ తెగలేదు.

మామగారు గిన్నె అడుగు కనిపించేదాకా తలెత్తలేదు. తర్వాత కోడలి భుజం మీదుగా చూస్తూ, ఎవరి మాటో విన్నట్టు తలూపాడు.

"ఉప్పు ఎక్కువైందంటోంది."

"రేపు తగ్గిస్తానని చెప్పండి మామయ్యా."

"మధ్యలో నేనెందుకు? నీ వెనకే నిలబడింది. నువ్వే చెప్పు."

కోడలు వెనక్కి తిరగలేదు. మిగిలిన పిండిలోంచి గుప్పెడు ముద్ద తుంచి పక్కన పెడుతూ, తగ్గిస్తానత్తయ్యా అని చెప్పింది.